ఆ మోత ఇదేనా అని అడిగిన మేడంకు

అందరికి నమస్తే. నా చెవుల సంగతి తెలిసిన దోస్తులు ఇప్పుడు ఎట్లున్నదని ఫోన్లు చేస్తున్నరు. ఫోన్ల మాట నాకింకా సక్కగ అందుతలేదు, సగం మీరు చెప్పింది, సగం నేను అనుకున్నది అయితున్నది. అందుకే రాస్తున్న. ఇంకో సంగతి, కొందరికి ఎదురుంగ చెప్పాల్సిన మాట చెప్పకుండనే వచ్చిన. అది కూడ ఇక్కడనే చెప్పుకుంట.

సిరిసిల్లల సాంచాల మీద 26 ఏండ్లు చేసిన. బయటి ఊర్లోళ్లకు మరమగ్గాలు అంటే తెలుస్తది. ఒక్కొక్కలం ఎనిమిది సాంచాలు చూసేది, పన్నెండు గంటలు, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. షెడ్డు లోపట నోటితోని ఎవ్వరం మాట్లాడం. నూలు కండెలు అయిపోయినయంటే ఒక సైగ, చాయ్ తాగుదామంటే ఒక సైగ, మిగిలింది పెదవులు చూసి పట్టుకునుడే. అందుకే చెవులు పోతున్నయని నాకు ఎరుకే కాలే. ఆడ అందరం చెవిటోళ్లమే గద.

ఎరుకయ్యేది కరెంటు పోయినప్పుడు. అన్ని సాంచాలు ఒక్కసారే ఆగుతయి. గప్పుడు చెవుల్ల సన్నగ 'కీ' అని మోగేది. కొత్తల అది ఖాళీ షెడ్డు చప్పుడే అనుకున్న, అందరికీ వినపడతదనుకున్న. పండుకుని లేస్తే పోయేది. కొన్నేండ్లకు మధ్యాహ్నం దాక ఉండవట్టింది. 2017ల బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చినంక సాంచాలు ఆగింది లేదు, మాకూ చేతినిండ పని. ఆ పని వద్దని నేననను, ఆ పైసలతోనే బిడ్డ పెండ్లి చేసిన. కాని ఆ రెండు మూడేండ్లల్లనే ఆ మోత నా ఎంబడి ఇంటికొచ్చింది. ఇగ పోలే.

ఇంట్ల ఇంకో తీరు. పాలు, కాలు, సాలు, తాళం, ఏదన్నా నాకు 'ఆ' దగ్గరి నుంచే వినపడేది. ముందటి అక్షరం నేనే అతికించుకునేది. ఒకనాడు ఇంటామె ఫోన్ చేసి "అవ్వ కాలు జారింది, జల్ది రా" అన్నదట. నేను పాల ప్యాకెట్ పట్టుకుని నిమ్మళంగ నడుసుకుంట పోయిన. అవ్వ గడప కాడ పడి ఉన్నది. ఇంటామె నా చేతుల ప్యాకెట్ దిక్కు చూసి ఏమనలే. తిట్టినా బాగుండు.

చెవుల నూనె పొయ్యమన్నోళ్లున్నరు, పోసుకున్న, చెవిల చీము పట్టింది. ఒక దుకాణంల మూడు వేలకు ఒక చెవి మిషన్ అంటగట్టిండ్రు. పెట్టుకుంటే మాట మాటతీరుగనే మసకగ ఉండె, పళ్లెం కింద పడితే మాత్రం తలకాయల సుత్తెతో కొట్టినట్టు అయ్యె. ఒక దవాఖానల అయితే నా ముఖం చూడకుండనే "వయసు, అలవాటు చేసుకో" అని చీటీ రాసి పంపిండ్రు. నాకప్పటికి 46.

వరంగల్ కొత్తవాడల మా అక్కబావ ఉంటరు. బావ చేతి మగ్గం మీద జంపఖానలు నేస్తడు, 2018ల జీఐ గుర్తింపు, అంటే ఈ జాగ సరుకే అన్న గుర్తింపు, వచ్చినయి గవే. పండుగకు పోతే మూడు రోజులు నన్ను చూసిండు. నాలుగో రోజు "నువ్వు మా మాటలకు నవ్వుతలేవు, మేము నవ్వినంక నవ్వుతున్నవ్" అన్నడు. చేతి మగ్గపోనికి చెవులు మిగులుతయి, అందుకే కనిపెట్టిండు. తెల్లారి పని ఇడిచిపెట్టి నన్ను ఎంజీఎం దవాఖానకు తోలుకపోయిండు. బావా, ఆ రోజు కూలి నీకు నేను బాకీనే ఉన్న.

ఇగ ఆ మేడం ముచ్చట. వినికిడి పరీక్ష చేసే చిన్న గది, తలుపేస్తే బయటి లొల్లి బంద్. హెడ్‌ఫోన్ పెట్టి, చప్పుడు ఇనంగనే గుండీ ఒత్తమన్నది. లావు చప్పుళ్లన్నీ ఒత్తిన. సన్నటియి వచ్చేసరికి చాన సేపు ఏం రాలే, మిషన్ ఆగిందేమో అనుకున్న. అయిపోయినంక కాగితం చూపెట్టింది. కుడి చెవికి ఎర్ర సున్నలు, ఎడమ చెవికి నీలి గుర్తులు. గీత మొదట మంచిగనే నడిసి, 4000 హెర్ట్జ్ కాడ, అంటే సన్న చప్పుళ్ల కాడ, బాయిల పడ్డట్టు దిగింది. "సాంచాల పనా?" అని అడిగింది. నేను చెప్పనే లేదు.

అప్పుడు మోత సంగతి చెప్పిన. చెప్పాలంటే భయమే. ఎవలికీ వినపడని చప్పుడు నాకు వినపడతదంటే ఏమనుకుంటరో. ఆమె ఏమనకుండ మళ్ల హెడ్‌ఫోన్ పెట్టి, ఒక్కో చప్పుడు ఇనిపిచ్చుకుంట, నా ముఖం దిక్కు తిరిగి పెదవులు కనపడేటట్టు అడిగింది: "ఇదేనా? దీనికంటె సన్నగనా? ఇదా?" ఐదో ఆరో అయినంక వచ్చింది. అచ్చం అదే. నా తలకాయల ఉన్నది బయట మిషన్ల నుంచి వచ్చింది. "ఇదే మేడం, ఇదే" అని లేచి నిలబడ్డ. తీగ గుంజుకపోయింది, హెడ్‌ఫోన్ ఊడింది. 6000 హెర్ట్జ్ కాడ దొరికిందని రాసుకున్నది. ఆరేడేండ్లు నేనొక్కన్నే ఇన్నదాన్ని ఇంకో మనిషి ఇన్నది. నాకు ఏడుపొచ్చింది, ఆమె తాపీగ కాగితాలు సర్దుకుంట కూసున్నది, నన్ను చూడనట్టు.

తర్వాత ఒక మాట చెప్పింది, అది నన్ను చాన రోజులు నిలబెట్టింది. నా మోత ఎంత పెద్దగున్నదో కూడ కొలిచిందట. నాకు వినికిడి మొదలయ్యే కాడికి అయిదారు డెసిబెల్స్ (చప్పుడు ఎంత పెద్దగున్నదో చెప్పే కొలత) మీదనే ఉన్నదట. నా నిద్ర తిన్నది, నా కోపం పెంచింది, ఇంత చిన్న చప్పుడా! చిన్నదే కాని మెదడు దాన్ని ఇడిచిపెడతలేదు, చెవి నుంచి రావాల్సిన సన్న చప్పుళ్లు రాకపోయేసరికి మెదడే పెద్దగ చేసుకుని ఇంటున్నది అని చెప్పింది.

డాక్టర్ సార్ లోపలి సంగతి చెప్పిండు. లోపటి చెవిల సన్న వెంట్రుకల కణాలుంటయి, పోతే మళ్ల మొలవయి, మందు లేదు. నాకు పన్నె యాదికొచ్చింది, మగ్గం మీద పోగులను ఏరుపరిచే దువ్వెన అసొంటిది. పన్నెల పండ్లు వంగిన జాగల బట్ట పొడుగూత గీత పడతది, ఎంత నేసినా ఆ గీత పోదు. నా చెవిల సన్న చప్పుళ్ల కాడి పండ్లు పోయినయి, క, త, ప, స అనే అక్షరాలు ఆ జాగల నుంచే రావాలె. అందుకే అన్నీ 'ఆలు'.

మిషన్లు రెండు చెవులకు కావాలన్నరు, ఏ చప్పుడు ఎంత తగ్గిందో అంతే పెంచేటియి. వికలాంగుల సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుల అడిగితే సర్టిఫికెట్‌కు కావాల్సిన 40 శాతం లోపం రాలే, ఆ ముచ్చట అక్కడితోనే అయిపోయింది. పైసలకు తిప్పలు పడుతుంటె మా షెడ్డు చిట్టిల ఈ నెల ఎత్తుకోవాల్సిన తమ్ముడు "అన్నా, నువ్వెత్తుకో, నాకు దసరా దాక పైసలతోని పనిలేదు" అన్నడు. పనిలేదన్నది అబద్ధం. వాళ్లింటి రేకులు తీసి ఉన్నయి, కప్పు ఎయ్యాలె. తమ్మీ, నీ పేరు రాయద్దన్నవ్ గనక రాస్తలే.

మిషన్లు పెట్టుకున్న మొదటి రోజు ఇంట్ల కవర్ల చప్పుడుకు చికాకు లేసింది. ఇంటామె కవర్ నలిపితే కొట్లాటకు పోయిన. రెండో వారం మనుమరాలి పట్టీలు ఇన్న. మిషన్ ఉన్నంత సేపు మోత ఎనుకకు పోతది, రాత్రి తీసినంక మళ్ల వస్తది. ఫ్యాన్ తిరుగుతుంటె పడనిస్తది, అందుకే చలికాలం కూడ ఫ్యాన్ ఎయ్యాలె, ఇంటామె దుప్పటి రెండు మడతలు కప్పుకుంటున్నది. మనుమరాలు మాట్లాడేముందు వచ్చి నా మోకాలు మీద తడుతది. దానికి మూడేండ్లు, ఎవలు నేర్పిండ్రో తెల్వదు.

సాంచాలు నడిపిచ్చే మా ఆసామి నన్ను సాంచాల కాడి నుంచి తీసి మడతల కాడ పెట్టిండు, కూలి తగ్గింది గని చెవులు మిగులుతయి, దండాలు.

షెడ్డుల పిల్లగాండ్లకు ఒక మాట. ఫోన్ల యాప్ పెట్టి చూస్తే మన షెడ్డుల 97 డెసిబెల్స్ చూపెట్టింది. అది అందాజనే. చెవులకు ముప్పు లేకుండ ఉండాలంటే 85 డెసిబెల్స్ అయితే ఎనిమిది గంటలు, మూడు పెరిగినప్పుడల్లా అండ్ల సగం. ఆ లెక్కన 97కు అరగంట. మనం పన్నెండు గంటలుంటున్నం. దూది పెట్టుకుంటే ఆగదు. స్టార్టర్ పక్కన గోడ మొలకు డబ్బా తగిలిచ్చిన, అండ్ల మెత్తటి ఇయర్ ప్లగ్గులున్నయి. చేతులు కడుక్కుని వేళ్ల నడుమ సన్నగ చుట్టుండ్రి, ఇంకో చేత్తోని చెవిని పైకి, ఎనుకకు గుంజి లోపటికి పెట్టుండ్రి, ఉబ్బే దాక వేలు తియ్యకుండ్రి. మొన్న నవ్వినోడే నిన్న రెండు పట్టుకపోయిండు.

మేడం, ఆరు నెల్లకు పరీక్షకు రమ్మన్నరు, బతుకమ్మ అయినంక వస్త. ఆ రోజు మీకు థ్యాంక్స్ చెప్పకుండనే వచ్చేసిన, గొంతు పెగల్లే. ఒక సిరిసిల్ల చీర పట్టుకొస్త, వద్దనకుండ్రి.