పేర్లు జాక్‌కు పైన రాయి

ప్రియ మిత్రమా,

సింథసైజర్‌లో (విద్యుత్తుతో పలికే వాద్యంలో) బిగించే నీ ఫిల్టర్ మాడ్యూల్‌కు, అంటే శబ్దాన్ని వడపోసే విడి భాగానికి, నువ్వు గీసి ఉత్తరంతో పాటు పంపిన ప్యానెల్ బొమ్మను రెండు రోజులుగా బల్ల మీదే పెట్టుకుని చూస్తున్నాను. ఫిల్టర్ సర్క్యూట్ గురించి ఏమీ చెప్పను, ఆ పని నాకంటే నీకే బాగా వచ్చు. దాని ముఖం గురించి మాత్రం చాలా చెప్పాలని ఉంది.

కేబుళ్లు గుచ్చే జాక్‌ల పేర్లన్నీ వాటి కింద రాశావు. కాగితం మీద ముచ్చటగానే ఉంది. కానీ కేబుల్ గుచ్చగానే కిందికి వాలుతుంది కదా, సరిగ్గా నీ అక్షరాల మీదే పడుతుంది. పేరు జాక్‌కు పైన ఉంటే ఎన్ని కేబుళ్లు వేలాడినా కనిపిస్తుంది. ఆ పెద్ద నాబ్ సంగతీ అంతే. చుట్టూ జాక్‌లు, మధ్యలో నాబ్, చూడటానికి పువ్వులా ఉంది. ఆరు కేబుళ్లు దిగాక నీ వేళ్లు ఆ పువ్వు దాకా వెళ్లలేవు. నాబ్‌లను పైకి, జాక్‌లను అడుగుకు చేర్చు.

ఇంకో విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. ఏది ఔట్‌పుట్టో, ఏది ఇన్‌పుట్టో చదవకుండానే తెలియాలి. ఔట్‌పుట్ వెనక నిండు రంగు గడి వేస్తే చాలు. ఒకసారి మసక వెలుతురులో వాయిస్తూ ఒక ఔట్‌పుట్‌ను మరో ఔట్‌పుట్‌కే కలిపేశాను. ఏదీ కాలిపోలేదు కానీ, శబ్దం ఎందుకు రావడం లేదో వెతికేలోగా వాయించాల్సిన సమయం గడిచిపోయింది. ఆ ప్యానెల్‌లో జాక్‌లన్నీ ఒకేలా ఉండేవి.

ఈ అమరికలో ఆలోచనా విధానమే దాగి ఉంటుంది, అందుకే ఇంత చెబుతున్నాను. 1960లలో సింథసైజర్లు తయారుచేసిన మూగ్ నల్లటి ప్యానెల్ మీద తెల్లటి అక్షరాలు వేసి, శబ్దానికీ దాన్ని మార్చే నియంత్రణ వోల్టేజీకీ ఒకే రకం జాక్ పెట్టాడు. దేనినైనా దేనికైనా కలుపుకోమన్నట్టు. అదే కాలంలో కాలిఫోర్నియాలో మరో తయారీదారు బుక్లా ఆ రెండింటినీ వేరు చేశాడు: శబ్దానికి చిన్న జాక్‌లు, వోల్టేజీకి ఒంటి పిన్ను దిగే బనానా జాక్‌లు. పియానో మెట్ల బదులు తాకితే పలికే రేకులు పెట్టాడు. తర్వాత ఒక మాడ్యూల్‌కు ‘సోర్స్ ఆఫ్ అన్‌సర్టెన్టీ’, అంటే అనిశ్చితికి మూలం అని పేరు పెట్టాడు. ప్యానెల్ మీద ఆ మాట చదివినవాడు నాబ్‌ను మరోలా తిప్పుతాడు!

నాకు అన్నిటికంటే ఇష్టం 1971 నాటి ఆర్ప్ 2600 సింథసైజర్. లోపల ముందే కలిపి ఉంచిన దారులను ప్యానెల్ మీద గీతలుగా అచ్చువేశారు. కొత్తవాడు కూడా వేలితో గీత వెంట వెళ్లి శబ్దం ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో పట్టుకోగలడు. నీ ఫిల్టర్‌లోనూ ఇన్‌పుట్ నుంచి ఔట్‌పుట్ దాకా ఒక్క గీత గీయి.

నల్ల బోర్డు మీద బంగారు పూత అక్షరాలు అన్నావు. పగలు అందంగానే ఉంటాయి. దీపం పక్క నుంచి పడితే మెరుపులో అక్షరం మాయమవుతుంది. పేర్లకు తెలుపు వాడి, బంగారం ఆ గీతకు ఉంచు.

కొలతలు మరచిపోవద్దు. నీ మాడ్యూల్ బిగించే యూరోర్యాక్ అనే కొలతల పద్ధతిలో ఎత్తు 128.5 మిల్లీమీటర్లు, వెడల్పు లెక్క హెచ్‌పీలలో, ఒక్కో హెచ్‌పీకి 5.08 మిల్లీమీటర్ల చొప్పున. నీ 8 హెచ్‌పీ లెక్కకు 40.64 వస్తుంది, కానీ 40.3కే కోయించు, లేకపోతే పక్క మాడ్యూల్‌తో ఒరుసుకుంటుంది. అంతకు ముందు అసలు సైజులో ముద్రించి అట్టకు అంటించు. కన్నాలు చేసి నిజం నాబ్‌లు, కేబుళ్లు బిగించి చీకట్లో తిప్పి చూడు. ఏ వేలు ఎక్కడ ఇరుక్కుందో వెంటనే రాయి.

నీ
మిత్రుడు