మాస్టారి పుస్తకంలో వ వత్తు

పోయిన వారం మా డీటీపీ సెంటర్లో వ్యాసాల పుస్తకం వేయించుకున్న మాస్టారికి ముందుగా సారీ. 64 పేజీలు, 300 కాపీలు. కట్ట విప్పి మొదటి వ్యాసం తెరిస్తే ‘సాఫ్ట్‌వేర్’ ఉండాల్సిన చోట ‘సాఫ్ట్వేర్’ అని పడింది, ఫ కింద ట వత్తుకి తోడు వ వత్తు కూడా వేలాడుతూ. ఆయన ఒక్క మాట అనలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు, అంతే. తిట్టినా బాగుండేది.

జరిగిందేమిటంటే, ఆయన వర్డ్ ఫైల్లో సగం మ్యాటర్ వాట్సాప్ నుంచి, సగం నెట్ నుంచి కాపీ చేసింది. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లోకి తేగానే పేరాకి పేరాకి మధ్య రెండేసి ఎంటర్లు, స్పేస్‌బార్ కొట్టి మధ్యకి జరిపిన హెడ్డింగులు, బోల్డ్ కోసం పెట్టిన నక్షత్రం గుర్తులు, అన్నీ దిగాయి. ఆయన ప్రూఫ్ చూసి ఓకే అన్నాక, ఇంకాస్త శుభ్రం చేద్దామని కంటికి కనబడని క్యారెక్టర్లన్నీ ఫైండ్-చేంజ్‌తో ఒకేసారి లేపేశాను. వాటిలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనేది ఒకటుంటుంది, అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్ పద్ధతిలో దాని నంబరు 200సి. పొల్లు తర్వాత వచ్చే అక్షరం వత్తుగా మారకుండా పట్టి ఉంచేది అదే. అదీ పోయింది. ప్రూఫ్ అయిపోయాక ఫైలు ముట్టుకోవడం నా తప్పే, చిక్కడపల్లిలో ఇన్నేళ్లుగా డీటీపీ చేస్తూ కూడా.

‘మా కంప్యూటర్లో బాగానే ఉందండీ’ అని చాలామంది అంటారు, నిజమే, వర్డ్‌లో బాగానే ఉంటుంది. ఇన్‌డిజైన్‌లో వత్తులు విడిపోయి పొల్లులు కనబడితే ఫాంటుని అనుమానించే ముందు అందులో పేరాగ్రాఫ్ కంపోజర్ అనే సెట్టింగ్‌ని వరల్డ్ రెడీకి మార్చి చూడాలి, ఎక్కువసార్లు అక్కడే సర్దుకుంటుంది. ‘అను’ అనే పేరున్న ఫాంట్లలో కొట్టిన పాత పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ మ్యాటర్ది వేరే గొడవ. అది యూనికోడ్ కాదు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చిన పద్ధతి, ఫాంటు మార్చగానే పిచ్చి గీతలు మిగుల్తాయి. యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లో వేస్తాం, కానీ ఆ తర్వాత మనిషి కూర్చుని మొత్తం చదవాల్సిందే.

మాస్టారి 300 కాపీలూ నా ఖర్చుతోనే మళ్లీ వేస్తున్నాను, గురువారానికి ఇస్తాను. దీనివల్ల రెండు పెళ్లికార్డులు ఒక రోజు వెనక్కి వెళ్లాయి, ఆ ఇళ్లవాళ్లకి ఫోన్ చేసి చెప్పాను.

మీరు పంపేటప్పుడు వర్డ్ ఫైలుతో పాటు దాని పీడీఎఫ్ కూడా పంపండి, మీకు ఎలా కనబడిందో మాకు తెలుస్తుంది. హెడ్డింగుల్ని మీరు అలంకరించక్కర్లేదు, ఆ పని మాది. కాగితం ఫొటో తీసి పంపి ‘అరగంటలో కావాలన్నా’ అనేవాళ్లకి మాత్రం నా దగ్గర మందు లేదు. ఇకనుంచి నేను కామా మార్చినా కొత్త ప్రూఫ్ ఇస్తాను, మీరు సంతకం పెట్టాకే ప్రెస్సుకి వెళ్తుంది. దాంతో ఒక పూట ఎక్కువ పట్టొచ్చు, తొందర ఉన్నవాళ్లు ముందే చెప్పండి.