బంతిలో లెక్కపెట్టిన తలలు

ప్రియమైన రాఘవా,

అమ్మాయి పెళ్లిలో అన్నయ్య ఎందుకంత ముభావంగా ఉన్నాడని చెల్లెమ్మ అడిగిందని రాశావు. ఆ రోజు భోజనాల దగ్గర బంతిలో కూర్చున్నవాళ్లను నాకు తెలియకుండానే రెండుసార్లు లెక్కపెట్టాను. అరవై నలుగురు తేలారు. అంతలో ఒకాయన చేయి కడుక్కోవడానికి లేచి వెళితే లెక్క తప్పిందని నా గుండె దడదడలాడింది. ఇరవై రెండేళ్లుగా జైలులో సాయంత్రం లాకప్ వేళ ఖైదీల తలలు లెక్కించి, లెక్క సరిపోయిందంటే తప్ప ఊపిరి పీల్చుకోని ఉద్యోగం కదా నాది.

నా సంగతి సరే, మా వార్డరు ఒకతని గురించి నీకు చెప్పాలి. తెల్లవారుజామున రౌండుకు వెళ్లి, ఒక రిమాండు ఖైదీ ప్రాణం తీసుకున్న సంగతి మొదట చూసింది అతనే. ముందురోజు ఆ కుర్రవాడు ములాఖత్‌కు అమ్మ వచ్చిందా అని ఇతన్ని మూడుసార్లు అడిగాడట. కస్టడీలో మరణం జరిగితే 24 గంటల్లోగా జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు తెలియజేయాలి, మేజిస్ట్రేటు విచారణ జరగాలి. అవి ఉండి తీరవలసిన నియమాలే. అయితే ఆ దృశ్యం చూసిన మనిషి పక్కన ఒకరు కూర్చోవాలని మాలో ఎవరికీ, నాకు కూడా, తోచలేదు. వాంగ్మూలం ఇచ్చి, ఆ రాత్రే అతను మళ్లీ అదే బ్యారక్‌కు డ్యూటీకి వచ్చాడు. ఇప్పుడు ఇంట్లో రాత్రికి నాలుగైదుసార్లు లేచి, నిద్రపోతున్న పిల్లల ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాడని అతని భార్య మా ఆవిడ దగ్గర ఏడ్చింది.

అతనికి సెలవు ఇద్దామంటే మనుషులు లేరు. ఆరుగురు ఖైదీలకు ఒక కాపలా ఉద్యోగి ఉండాలని 2016 నాటి నమూనా జైళ్ల మాన్యువల్ చెబుతుంది. 2022 చివరికి దేశంలో 4,36,266 మందికి చోటున్న జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. ఖాళీగా ఉన్న ప్రతి పోస్టు బరువూ ఉన్నవాడి వారాంతపు సెలవు మీదే పడుతుంది.

ఖైదీల కోసం వచ్చే కౌన్సెలర్‌ను కలవమంటే, అందరి కళ్లముందు ఆ గదిలోకి వెళితే పిచ్చి పట్టిందంటారని భయపడ్డాడు. వైద్యుడివి కదా అని నీ పేరు చెబితే, మీ స్నేహితులైతే వద్దు సార్ అన్నాడు. వైద్య వివరాలను గోప్యంగా ఉంచే హక్కును 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చినా, పై అధికారి చెవిన పడుతుందన్న బెదురు చట్టంతో పోయేది కాదు. అప్పుడే నాకు అర్థమైంది, మాకు కావలసిన సాయం గేటు బయట, మా అధికారుల చేతికి అందనంత దూరంలో ఉండాలని.

చివరికి ఫోనులోనే మానసిక సాయం అందించే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416 ఇచ్చాను. లోపలికి వెళ్లేటప్పుడు ఫోను గేటు దగ్గరే అప్పగించాలి కాబట్టి, డ్యూటీ దిగాక మా వసారాలో కూర్చుని చేశాడు. నేను లోపలికి వెళ్లిపోయాను. చాలాసేపు మాటే వినిపించలేదు, తరువాత ఏడుపు వినిపించింది. ఇప్పుడు ఊళ్లోని వైద్యుని దగ్గర మందులు వాడుతున్నాడు.

నీకు తెలిసిన మానసిక వైద్యులెవరైనా, నాతో పరిచయం లేనివారు, నెలకొక ఆదివారం మా క్వార్టర్స్‌కు వచ్చి, ఎవరి పేరూ రాసుకోకుండా మాట్లాడగలరేమో కనుక్కో. వాళ్లు వచ్చిన పూట నేను ఊళ్లోనే ఉండను.

నీ
మూర్తి