డాక్టరుబాబును చూసి నవ్వే ఊరు

సంపాదకులకు,

టీవీ సీరియళ్ల మాటెత్తితే మీ ఉత్తరాల పేజీలో అందరూ అత్తాకోడళ్ల మీదే విరుచుకుపడతారు. నేను ఒక మంచి సీరియల్ గురించి రాస్తున్నాను. అది మనది కాదు, కొత్తదీ కాదు. పేరు 'నార్తర్న్ ఎక్స్‌పోజర్'. అమెరికాలో సీబీఎస్ ఛానల్‌లో 1990 నుంచి 1995 దాకా 110 ఎపిసోడ్లు వచ్చింది. అమ్మాయి పురుడుకి అమెరికా వెళ్లినప్పుడు, పసివాడు నిద్రపోయిన వేళల్లో చూశాను. ముప్పై ఏళ్లు దాటిన సీరియల్‌ని అక్కడివాళ్లు ఇప్పటికీ ఎందుకు తవ్వి తీసి చూస్తున్నారో రెండో రోజుకే తెలిసిపోయింది.

జోయెల్ ఫ్లైష్‌మన్ అని న్యూయార్కు కుర్ర డాక్టరు. అతని చదువు ఖర్చు అలాస్కా ప్రభుత్వం పెట్టుకుంది కనుక అక్కడ పనిచేసి బాకీ తీర్చాలి. యాంకరేజ్‌లో పెద్దాసుపత్రి అనుకుని వెళితే, సిసిలీ అనే మారుమూల ఊరికి తోసేస్తారు. ఇక అక్కణ్ణుంచి ఎలా బయటపడాలా అన్నదే అతని ధ్యాస.

నా సర్వీసులో సగం సీతంపేట ఏజెన్సీలో, ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గడిచింది. ఇప్పుడది మన్యం జిల్లా, అప్పుడు మా శ్రీకాకుళమే. ఇలాంటి ఫ్లైష్‌మన్‌లు ఎందరు వచ్చి వెళ్లారో! ఓపీ రిజిస్టరు కింద పీజీ ఎంట్రన్సు పుస్తకం దాచుకునేవారు. రోగులు కనిపెట్టేసేవారు. "ఏటి సిస్టరమ్మా, ఈ బాబు కూడా ఎలిపోతాడేటి?" అని మందులు తీసుకుంటూ నన్నడిగేవారు. ఓసారి జ్వరం తగ్గిన సవర ముసలమ్మ ఒకావిడ అనాసపండు తెచ్చి బల్ల మీద పెట్టింది. డాక్టరుగారు "ఎంత?" అంటూ పర్సు తీశారు. ఆవిడ పర్సు వంకా, ఆయన వంకా చూసి, వెనక్కి తిరిగి వాళ్ల భాషలో ఏదో అంది. వరండా అంతా గొల్లుమంది. ఏమందో ఆయనకి చెప్పలేదు, ఇక్కడా రాయను.

ఆ సీరియల్ ఆయువుపట్టంతా ఆ వరండాలోనే ఉంది. అందులో నవ్వులపాలయ్యేది ఊరు కాదు, ఊరిని తక్కువగా చూసే చదువుకున్న కుర్రాడు. జైలుకెళ్లొచ్చిన క్రిస్ పొద్దున్నే రేడియోలో కవిత్వం చదువుతాడు. ఒకప్పటి వ్యోమగామి మారిస్‌కి ఊరిని పెద్ద పట్నం చేసేయాలని పిచ్చి. సినిమా పిచ్చి కుర్రాడు ఎడ్, దుకాణం నడిపే ముసలావిడ రూత్ ఆన్, అందరికీ ఏదో ఒక తిక్క. అయినా ఒక్కరు కూడా వెర్రివాళ్లుగా కనిపించరు. విమానం నడిపే మ్యాగీని ప్రేమించిన మగాళ్లందరూ వరసగా పోతారు, ఒకడి మీదైతే ఏకంగా ఉపగ్రహమే పడుతుంది! నర్సుని, నవ్వకూడదు. నవ్వాను.

నాకు మరీ నచ్చింది మారిలిన్. ఆసుపత్రిలో రిసెప్షన్ ఉద్యోగానికని వస్తుంది. నేను ఉండను, నాకు మనిషి అక్కర్లేదు అని డాక్టరు మొత్తుకున్నా వినదు, కూర్చుంటుంది, అంతే. మాట్లాడేది తక్కువ. డాక్టరు గుక్క తిప్పుకోకుండా వాదించిందాన్ని ఒక్క "ఊఁ" తో తేల్చేస్తుంది. అమెరికా ఆదివాసీ తెగకే చెందిన ఎలైన్ మైల్స్ ఆ పాత్ర వేసింది. ఆడిషన్‌కి వాళ్లమ్మకి తోడుగా వెళితే ఈమెనే తీసుకున్నారట. ఆఖరి సీజన్లో ఫ్లైష్‌మన్ వెళ్లిపోయాక వేరే డాక్టరుని పెట్టారు గానీ అప్పటికే చప్పబడిపోయింది. అది వేరే సంగతి.

మన దగ్గర చూడండి. సీరియల్లో కథానాయకుడు పలాసలో పుట్టినా బెజవాడ భాషే మాట్లాడతాడు. మా మాట వాచ్‌మన్‌కి, పనిమనిషికి. వాళ్లు నోరు విప్పగానే వెనకాల 'టొంయ్' అని ఓ మోత, ఇప్పుడు నవ్వండి అని. సినిమాల్లో ఈమధ్య కాస్త నయం. హిందీ 'పంచాయత్' చూసి తెలుగులో 2025లో 'సివరపల్లి' అని వెబ్ సిరీస్ తీశారు, పట్నం కుర్రాడు తెలంగాణ పల్లెకి రావడమే దాని కథ కూడా. సంతోషం. మా వైపు ఎవరూ రాలేదు.

మా ఆసుపత్రిలో ఒక అటెండరు ఉండేవాడు. సూది చూసి ఏడ్చే పిల్లాడి ముందు గొంతుక్కూర్చుని, బుర్రకథలో అల్లూరి వారి ఘట్టం ఎత్తుకునేవాడు. వంత పాడాల్సిన చోట ఆగి పిల్లాడి వంక చూసేవాడు. వాడు ఏడుపు మానేసి 'తందానా' అనేలోపు నేను సూది వేసేసేదాన్ని. డాక్టరుగారికి ఈ గోల చిరాకు. ఆయన సెలవులో ఉన్న రోజున టీకాల పని తొందరగా అయిపోయేది. ఇలాంటి మనుషులు టెక్కలిలో లేరా, సాలూరులో లేరా? కథ రాసేవాళ్లు ఓ వారం ఏదో ఒక పీహెచ్‌సీ వరండాలో కూర్చుంటే చాలు.

షూటింగు ఇక్కడే పెట్టమని పట్టుపట్టను. సిసిలీని కూడా అలాస్కాలో తీయలేదు, వాషింగ్టన్ రాష్ట్రంలో రోస్లిన్ అనే పాత బొగ్గుగనుల ఊళ్లో తీశారు. కాకపోతే మాట మాది ఉండాలి, మాట్లాడేవాళ్లు మావాళ్లు కావాలి. డాక్టరు వేషానికి మాత్రం ఏ హైదరాబాదు కుర్రాణ్ణి పెట్టుకున్నా మాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
శ్రీకాకుళం