స్టాప్‌వాచ్‌తో వచ్చిన పిల్లలు, మా పలాస జీడిపప్పు: మా కస్టమర్లకు కొన్ని సంగతులు

మా దగ్గర పప్పు కొనే స్వీట్ షాపులు, బేకరీలు, కేటరింగ్ వాళ్లందరికీ నమస్కారం. జూలై నుంచి నవంబరు దాకా దగ్గర్లోని ఓ కాలేజీ ఫైనలియర్ ఇంజినీరింగ్ పిల్లలు మా యూనిట్‌లో ప్రాజెక్టు చేశారు. ఏం తేలిందని మీలో చాలామంది ఫోన్లో అడుగుతున్నారు. అందరికీ ఒకేసారి చెబుతున్నాను.

ముందు రేటు సంగతి. దీనివల్ల కిలోకి రూపాయి కూడా తగ్గదు. కిలో పప్పు రావాలంటే అటూ ఇటూగా నాలుగు కిలోల పిక్కలు, అంటే పెంకుతో ఉన్న జీడిగింజలు, పోయాలి. మీరిచ్చే డబ్బులో పెద్ద వాటా ఆ పిక్కలదే. మారింది డెలివరీ, గుండు పప్పు (విరగని పప్పు) దిగుబడి.

పండగల ముందు సరుకు ఆలస్యమైతే ఇంకో కటింగ్ మెషిన్ కొనమని అందరూ చెప్పేవారు. పిల్లలు మెషిన్ జోలికి పోలేదు. ప్రతి ట్రేకీ నంబరు కట్టి, ఏ పని దగ్గర ఎంతసేపు ఉంది, ఎంతసేపు ఊరికే పడి ఉంది అన్నది రాసుకున్నారు. ఊరికే పడి ఉన్న సమయమే ఎక్కువ. అదీ డ్రయ్యర్ తర్వాత.

రాత్రంతా ఎండిన పప్పును పొద్దున్నే ఒకేసారి దించేవాళ్లం. అప్పుడే పొట్టు పెళుసుగా ఉంటుంది, వేళ్లతో నలిపితే రాలిపోతుంది. మా పలాస చుట్టూ ఉన్న ఉద్దానం వానాకాలపు గాలికి మధ్యాహ్నం దాటేసరికి అదే పొట్టు తేమ పట్టి పప్పుకు అతుక్కుంటుంది. ఇక కత్తి పెట్టాలి. కత్తి పడితే గుండు కాస్తా బద్ద అవుతుంది. మీరు అడిగే 240 గ్రేడు, అంటే పౌనుకు 220 నుంచి 240 గుండ్లు తూగేది, ఒక్కోసారి దొరక్కపోవడానికి ఇదో పెద్ద కారణం. ఇప్పుడు డ్రయ్యర్‌ను విడతలుగా నింపి, విడతలుగా దించుతున్నాం. మెషిన్ కొనలేదు. రాత్రి డ్రయ్యర్ చూసే మనిషికి మాత్రం పని పెరిగింది, జీతమూ పెంచాం.

పొట్టు తీసే ఆడవాళ్ల సంగతి కూడా చెప్పాలి. వాళ్లకు కూలి కిలో లెక్కన. స్టాప్‌వాచ్ పట్టుకుని ఎవరో పక్కన నిలబడితే టెన్షన్ పడరా మరి! పని తొందరగా అవుతోందని తెలిస్తే కిలో కూలి తగ్గిస్తారని వాళ్ల భయం. ఆ భయం ఊరికే పుట్టలేదు, ఎక్కడైనా జరిగేదే. కూలి రేటు తగ్గించనని అందరి ముందూ చెప్పాకే పిల్లల్ని లోపలికి రానిచ్చారు. ట్రేల చిక్కు మొదట చెప్పింది కూడా వాళ్లే. పిల్లలు దాన్ని లెక్కగట్టి చూపించారు.

డబ్బాలు, అట్టపెట్టెల విషయంలో వాళ్ల లెక్క బాగా పనికొచ్చింది. రోజుకు ఎన్ని వాడతామో దాన్ని, ఆర్డరు పెట్టాక అవి రావడానికి పట్టే రోజులతో గుణించి, పైన కొంత అదనం కలపాలి. స్టాకు ఆ అంకెకు దిగగానే ఆర్డరు పెట్టాలి. కంప్యూటర్ షీటు కూడా చేసిచ్చారు గానీ మా గుమస్తాగారు గోడౌన్ గోడమీద గీసిన ఎర్రగీతనే నమ్ముతున్నారు. నాకూ అదే నయమనిపిస్తోంది.

పిక్కల స్టాకు కూడా తగ్గించమన్నారు. దానికి నేను ఒప్పుకోలేదు. ఉద్దానం పంట ఎండాకాలంతోనే అయిపోతుంది. ఐవరీ కోస్ట్ పంటా దాదాపు అదే సమయానికి వస్తుంది. టాంజానియా పంట అక్టోబరు దగ్గరపడితే గానీ మొదలవదు, ఆ తర్వాత ఓడ రావాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటి మా తోటల్ని కూల్చేసింది. జీడి చెట్టు మళ్లీ కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. ఇలాంటి చోట అవసరమైనప్పుడు కొనుక్కుందాంలే అంటే కుదరదు. పిల్లల్ని అనడానికీ లేదు, వాళ్ల సెమిస్టర్‌లో పిక్కల కొనుగోలే జరగలేదు. అందుకే వచ్చే బ్యాచ్‌ను మార్చి, ఏప్రిల్‌లో పంపమని వాళ్ల సారుని అడిగాను. 80 కిలోల బస్తాకు ఎన్ని పౌన్ల పప్పు దిగుతుందో కోసి చూసి రేటు కట్టేది అప్పుడే. చూశాక కూడా స్టాకు తగ్గించమంటే అప్పుడు ఆలోచిస్తాను.

మీ ఆర్డర్ల పుస్తకం కూడా వాళ్లకు చూపించాను. రిపోర్టులో మీ పేర్లు లేవు, నంబర్లే ఉన్నాయి. దసరా, దీపావళి ఆర్డర్లలో చాలావరకు చివరి వారంలో, గ్రేడు చెప్పకుండా "ఎప్పట్లాగే పంపండి" అంటూ వచ్చినవే. ఇకమీదట ముందు చెప్పినవాళ్ల సరుకు ముందు పక్కన పెడతాం. పాత కస్టమరైనా సరే, ఇదే వరస. కొందరికి కోపం రావచ్చు, తెలుసు.

సంక్రాంతి నుంచి లారీ మంగళ, శుక్రవారాల్లో బయల్దేరుతుంది. మాఘమాసం పెళ్లిళ్లకు కావలసినవాళ్లు ఎన్ని డబ్బాలు, 240నా, అంతకంటే చిన్న గుండు ఉండే 320నా అన్నది వాట్సాప్‌లో రాసి పంపండి. ఉప్మాలోకీ హల్వాలోకీ అయితే బద్ద చాలు, గుండుకు డబ్బు పోయకండి.