ఇకనుంచి తెలుగులోనే రాయి మామా

మామా,

ఎట్లుండావు? నిన్న నువ్వు పంపిన పొడుగాటి మెసేజ్ చదివాను. విషయమంతా బాగుంది గానీ మళ్లీ ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు కొట్టావు. కళ్లు అన్నావో కల్లు అన్నావో ముందూ వెనకా చదివితే గానీ తెలియలేదు. అది నీ తప్పని అనను, మనకు ఆ రాత నేర్పింది ఆ పాత బటన్ ఫోన్లే.

ఎస్వీ యూనివర్సిటీ హాస్టల్ రోజులు గుర్తున్నాయి కదా, ఎస్ అక్షరం కావాలంటే 7 నాలుగుసార్లు నొక్కాలి. ఇంగ్లీషులో అమ్మ అని కొట్టాలన్నా రెండు ఎమ్‌లూ 6 మీదే ఉండేవి కాబట్టి, ఒకటి నొక్కి కర్సర్ జరిగేదాకా ఆగి రెండోది నొక్కాలి, ఆగకపోతే అది ఎన్ అయిపోయేది. అంత కష్టం ఎవరు పడతారు, అందుకే అచ్చులన్నీ ఎగ్గొట్టి హల్లులతో నెట్టుకొచ్చాం. దానికి తోడు డబ్బులు. ఇంగ్లీషులో అయితే ఒక ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు పట్టేవి, మధ్యలో ఒక్క తెలుగు అక్షరం పడినా మొత్తం మెసేజ్ పరిమితి 70కి దిగిపోయేది. ఆ 70లో కూడా గుడికో లెక్క, వత్తుకో లెక్క. మన చిత్తూరు కంటికి మూడక్షరాలే, ఫోన్ లెక్కలో ఎనిమిది! పండగ రోజైతే మనం వేయించుకున్న ఎస్సెమ్మెస్ ప్యాక్ కూడా పనిచేసేది కాదు, ఒక్కో మెసేజ్‌కూ విడిగా కోసేవాళ్లు, అందుకే శుభాకాంక్షలన్నీ ముందురోజే పంపేసేవాళ్లం.

ఇప్పుడు ఆ లెక్కలేవీ లేవు. 2016లో జియో వచ్చాక డేటా చవకైంది, మరుసటి ఏడే గూగుల్ వాయిస్ టైపింగ్ తెలుగుకూ వచ్చింది. పుత్తూరు నుంచి మా అమ్మ పంపే మెసేజ్‌లు చూస్తే నీకే తెలుస్తుంది. మైకు నొక్కి మాట్లాడేస్తుంది, అంతే. మొన్నటిది ఉన్నదున్నట్టు పెడతాను చూడు: "ఏం నాయనా తింటివా ఈడ వాన జాస్తిగా ఉండాది పూతంతా రాలిపోతాదేమోనని మీ నాయన ఒకటే దిగులు". చుక్క లేదు, కామా లేదు, కానీ చదువుతుంటే మామిడితోపులో ఆమె పక్కన నిలబడి వింటున్నట్టే ఉంది. బటన్ ఫోన్ ఉన్నన్నాళ్లూ ఆమె ఒక్క మెసేజ్ కూడా పంపింది లేదు మామా, వచ్చింది చదివించుకునేది. ఈ మార్పులన్నిటిలో నాకు అన్నిటికంటే విలువైంది ఇదే.

నాకు దిగులు ఇంకో దగ్గర. నా ఫోన్లో "ఉండాది" అని కొట్టబోతే కీబోర్డు పైన "ఉంది" అని చూపిస్తుంది, "ఈడ" అంటే "ఇక్కడ" అంటుంది. తొందరలో వేలు దానిమీదే పడుతుంది, అట్లా కొన్నేళ్లు పోతే మన పక్క మాట మెసేజ్‌లలోంచి మెల్లగా జారిపోతుంది. అయితే ఆ కీబోర్డు మనం కొట్టేది చూసి నేర్చుకుంటుంది కూడా, కొన్నాళ్లు పట్టుబట్టి అదే మాట రాస్తే తర్వాత తనే ముందుకు తెచ్చి పెడుతుంది. నా ఫోన్ ఇప్పుడు జాస్తి అనే మాట అడక్కుండానే ఇస్తుంది!

ఇంకోటి చెప్పాలి. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అనే ఒక్క అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి, ఆపిల్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. కోట్లమంది రాసే లిపిలో అంత మామూలు అక్షరం పరీక్షల్లో తగల్లేదంటే నాకు చాలా బాధేసింది. మనం ఫోన్లలో తెలుగు ఎంత ఎక్కువ రాస్తే ఇట్లాంటివి అంత త్వరగా బయటపడతాయని నా నమ్మకం.

అందుకే అడుగుతున్నా, నాకు రాసేటప్పుడైనా తెలుగులో రాయి, అదీ మనం మాట్లాడుకునేట్టే. కొట్టడం విసుగైతే మైకు నొక్కు. ఇంతకీ మే నెలలో గంగమ్మ జాతరకు తిరుపతి వస్తున్నావా లేదా? పిల్లల్ని కూడా తీసుకురా, మా ఇంట్లోనే దిగండి. అత్తను అడిగినానని చెప్పు.