ఒక్కరోజు శిబిరంలో చెవి మిషన్ కుదరదు

సంపాదకులు గారికి,

వినికిడి యంత్రాల పంపిణీ శిబిరాల ఫొటోలు జిల్లా పేజీల్లో తరచూ వస్తుంటాయి. పొద్దున పరీక్ష, మధ్యాహ్నం పంపిణీ, సాయంత్రానికి టెంట్లు ఎత్తేయడం. ఆర్నెల్ల తర్వాత ఆ మిషన్ బీరువాలో పడి ఉంటే 'పెద్దాయనకు అలవాటు కాలేదు' అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. లోపం చాలాసార్లు ఆయనలో ఉండదు, మిషన్‌ని అమర్చిన తీరులో ఉంటుంది.

వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేవి సన్నటి శబ్దాలు, అంటే సుమారు 2000 హెర్ట్జ్ పైనవి. పాలు, కాలు, చాలు, తాలు అన్న మాటలు తీసుకోండి. నాలుగింటిలోనూ సాగే అచ్చు బిగ్గరగానే వినబడుతుంది. మాటను మార్చేసే మొదటి హల్లు మాత్రం రెప్పపాటులో వచ్చి పోతుంది, పైగా బలహీనం. 'వినబడుతోంది గానీ అర్థం కావట్లేదు' అనేది అందుకే. అన్ని శబ్దాలనూ ఒకే తీరున పెంచితే ఆ అచ్చు ఇంకా హోరెత్తుతుంది తప్ప పాలకూ కాలుకూ తేడా తెలియదు.

ఏ శబ్దాన్ని ఎంత పెంచాలన్న లెక్కను ఆస్ట్రేలియాలోని నేషనల్ అకూస్టిక్ లాబొరేటరీస్‌లో డెనిస్ బర్న్, హార్వే డిలన్ తదితరులు దశాబ్దాల పాటు సాన పెట్టారు. ఇప్పుడు వాడుకలో ఉన్న ఎన్ఏఎల్-ఎన్ఎల్2 సూత్రం రోగి భాష స్వరభాషా (గొంతు ఎత్తు మారితే మాట అర్థమే మారే భాషా) కాదా అని కూడా అడుగుతుంది. చైనావారి మాండరిన్ లాంటి భాషకు బొంగురు శబ్దాల, అంటే తక్కువ హెర్ట్జ్ శబ్దాల పెంపు కాస్త ఎక్కువ ఇస్తుంది. తెలుగువారికి అది అక్కర్లేదు.

చిక్కల్లా కంప్యూటర్‌లో ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష గీత) ఎక్కించి, మిషన్‌ని దానంతటదే అమర్చేసే 'ఫస్ట్ ఫిట్' బటన్ నొక్కి లేచిపోవడంతోనే. తెరమీద గీతలు చక్కగా కలుస్తాయి. అయితే అది సగటు చెవికి వేసిన అంచనా. ఇంగ్లండ్‌లో పరిశోధకులు హషీర్ ఆజ్, బ్రయాన్ మూర్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఇలాంటి 42 అమరికలను కొలిస్తే, 64 శాతం కనీసం ఒక హెర్ట్జ్ దగ్గరైనా సూత్రం చెప్పిన లక్ష్యానికి 10 డెసిబెల్స్ మించి దూరంగా ఉన్నాయి. కొలిచి సరిదిద్దాక ఎక్కువ భాగం దారికొచ్చాయి.

మిషన్ శబ్దం చెవి లోపలికి నిజంగా ఎంత చేరుతోందో చూసే ఆ కొలత పెద్ద తంతేమీ కాదు. ముందు చెవిలో గులిమి లేదని చూసుకోవాలి, ఉంటే కొలిచే గొట్టం మూసుకుపోతుంది. మెత్తటి సన్న గొట్టాన్ని, చెవి రంధ్రం బయట కింద ఉండే గంటు నుంచి కొలిచి, మగవారికి సుమారు 30, ఆడవారికి 28 మిల్లీమీటర్ల లోతుకు జార్చాలి. దాని కొస కర్ణభేరికి 5 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. పైపైన ఆపితే సన్నటి శబ్దాలు ఉన్నదానికంటే తక్కువగా నమోదవుతాయి. అది నమ్మి పెంచితే గిన్నెల చప్పుడు కూడా చెవిలో గుచ్చుకుంటుంది. తర్వాత మిషన్ పెట్టి, రికార్డు చేసిన మాటను 55, 65, 75 డెసిబెల్స్‌లో వినిపించి, గీతను లక్ష్యానికి 5 డెసిబెల్స్ అటూ ఇటూగా తేవాలి. చివర్లో పెద్ద శబ్దం పెట్టి, భరించలేని స్థాయి దాటడం లేదని చూడాలి. అలవాటైన చేతికి రెండు చెవులకూ కలిపి అరగంట పని. పసిపిల్లల చెవి గొట్టం చిన్నది కాబట్టి అదే అమరిక ఇంకా బిగ్గరగా పడుతుంది. అక్కడ అంచనాతో నెట్టుకురావడం మరీ ప్రమాదం.

ఇక ఇయర్ మోల్డ్, అంటే ఎవరి చెవి అచ్చుకు తగ్గట్టు వారికి చేసే బుడిపె. చెవుడు ఎక్కువ ఉన్నవారికి రెడీమేడ్ రబ్బరు బుడిపె పనికిరాదు. దారం కట్టిన దూది బిళ్లను చెవి రెండో వంపు దాటించి, ఆపైన మెత్తటి సిలికాన్ నింపి అచ్చు తీయాలి. వంపు దాటకపోతే మోల్డ్ పొట్టిదై శబ్దం బయటికి కారి ఈల వేస్తుంది. ఈల భరించలేక ఇంట్లోవాళ్లు వాల్యూమ్ తగ్గిస్తారు. అంతటితో మిషన్ పెట్టుకున్నా ఒకటే, పెట్టుకోకపోయినా ఒకటే. ఏడాది లోపు పిల్లలకైతే చెవి పెరిగే కొద్దీ కొన్ని నెలలకోసారి కొత్త మోల్డ్ తప్పదు.

మోల్డ్ ల్యాబ్ నుంచి రావడానికి రోజులు పడుతుంది. కాబట్టి శిబిరాన్ని కనీసం రెండు విడతలుగా పెట్టాలి. మొదటిసారి పరీక్ష, అచ్చు. రెండోసారి అమరిక, కొలత. వికలాంగులకు సహాయ పరికరాలిచ్చే, 1981 నుంచి నడుస్తున్న కేంద్ర ప్రభుత్వ ఎడిప్ పథకంలోనైనా, దాతలు పెట్టే శిబిరాల్లోనైనా టెండరులోనే రెండు షరతులు రాయించవచ్చు: ప్రతి చెవికీ సొంత మోల్డ్, కొలత గీతల ప్రింటు. ఆ ప్రింటు లేనిదే బిల్లు చెల్లించకూడదు. సంతకం భారత పునరావాస మండలిలో నమోదైన ఆడియాలజిస్టుది కావాలి.

చెవి వెనక పెట్టే మిషన్లలో చాలావాటికి వాడే నారింజ స్టిక్కరు 13 నంబరు సెల్లు గాలితో పనిచేస్తుంది. స్టిక్కరు పీకాక ఒక నిమిషం ఆగి పెట్టమని, తిరిగి అంటించినా ఆదా కాదని పంచేటప్పుడే చెప్పాలి. వాడకాన్ని బట్టి వారం పది రోజులకో, రెండు వారాలకో మార్చాల్సిన ఈ సెల్లులు పల్లెల్లో దొరకడం కష్టం. ఏడాదికి సరిపడా సెల్లులు మిషన్‌తో పాటే ఇవ్వాలి.

ఇట్లు,
ఒక ఆడియాలజిస్టు, కాకినాడ